కర్టెన్‌కి గడియ ఉండదు

కర్టెన్ల అక్క ఎవరింటికి వెళ్ళినా సంచిలోంచి టేపు తీయకముందే ఒక మాట అడుగుతుంది. "సొంతిల్లా, అద్దిల్లా?"

ఆ ప్రశ్న కొందరికి గుచ్చుకుంటుంది. "కొలతలకొచ్చావా, సంబంధం చూడటానికొచ్చావా?" అని ఒకావిడ ముఖం మీదే అనేసింది. అక్క పట్టించుకోలేదు. ఆ జవాబుని బట్టే ఆవిడ కింది మడత తేల్చుకుంటుంది. సొంతిల్లయితే నాలుగు వేళ్ళ మడత చాలు. ఆ కిటికీ ఎక్కడికీ పోదు. అద్దె ఇల్లయితే జానెడు గుడ్డ లోపలికి మడిచి కుడుతుంది. రేపు వాళ్ళు మారబోయే ఇంట్లో కిటికీ పొడుగైతే కుట్టు విప్పి ఆ గుడ్డ దించుకోవచ్చు. "గుడ్డంతా దండగ" అని గొణిగినవాళ్ళే ఇల్లు మారాక ఆవిడని వెతుక్కుంటూ వస్తారు.

ఆవిడ గదికి సరిగ్గా కింది వాటా మాది. మధ్యాహ్నం పని తెమిలాక నేను పైకెక్కి మిషను పక్కన కూర్చుంటాను. ఆవిడ కుడుతుంటే నేను రింగులు ఎక్కిస్తుంటాను. మిషను తిరుగుతున్నంతసేపూ మాట ఉండదు. దారం తెగినప్పుడో, బాబిన్ అయిపోయినప్పుడో ఒక ముక్క చెబుతుంది. మళ్ళీ దారం ఎక్కగానే ఆపేస్తుంది. ఏ ఇంటి సంగతి ఎత్తినా మొదలుపెట్టే తీరు ఒక్కటే. "అప్పటికే అలిసిపోయున్నాననుకో..."

ఆ గదికి ఉన్నది ఒకే కిటికీ. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు దానికి వేలాడుతున్న కర్టెన్ ఒకప్పుడు ముదురు నీలం అయుండాలి. అప్పటికి దాన్ని నీలం అనాలంటే చూసేవాళ్ళకి కాస్త దయ ఉండాలి. దగ్గరికెళ్ళి చూస్తే అంచుకి కాస్త పైన అడ్డంగా పాత కుట్ల ఆనవాళ్ళు. విప్పేసిన సూది బెజ్జాలు, మడత లోపల ఎండ తగలక వెలవకుండా మిగిలిన నీలం పట్టీలు. ఒక్కో గీతా ఒక్కో ఇల్లట.

"ఊరందరికీ కొత్తవి కుడతావు, నీకేంటక్కా ఈ పాతగుడ్డ?" అన్నాను ఒకసారి.

"నేను చూసిన ఇళ్ళన్నీ అదీ చూసింది. దాన్నెలా పారేస్తాను? సాక్ష్యానికైనా ఉండాలిగా" అంది.

*

అమ్మానాన్నా పోయాక ఆవిడని పెంచింది అన్న. అన్న ఇంట్లో ఒక గది, ఒక వంటగది, ముందు సన్నటి వరండా. గది అన్నావదినలది. పిల్లలు పుట్టాక వాళ్ళందరిదీ. ఈవిడ మంచం వరండాలో. చిన్నప్పుడు ఫరవాలేకపోయింది. ఎదిగాక వదినకి బెంగ పట్టుకుంది, వీధిలో పోయేవాళ్ళ కళ్ళు పడతాయని. బట్టల షాపులో ఓ తాను చివర మిగిలిన నీలం గుడ్డ కొనుక్కొచ్చి, ఈవిడని తన మిషను ముందు కూర్చోబెట్టింది.

"కాలు ఇలా ఆడించు. చెయ్యి అలా పెట్టు. ఊఁ, కుట్టుకో. నీ గది నువ్వే కట్టుకో."

గుడ్డ మిగిలింది. కత్తిరించబోతే వదిన చెయ్యి పట్టుకుంది. "కత్తిరించకే పిచ్చిదానా! లోపలికి మడిచి కుట్టు. రేపు ఏ ఇంటికి పోతావో, ఆ ఇంటి గుమ్మం ఎంత ఎత్తో!"

అక్క ఇవాళ ఊరందరికీ వదిలే జానెడు మడత వదిన చెప్పిన ఆ మొదటి పాఠమే.

కర్టెన్ వీధికి అడ్డమైంది గానీ ఇంటికి కాలేదు. అన్న పిల్లలకి అదొక ఆట. బట్టలు మార్చుకుంటుంటే సర్రున లాగి "అత్త దొరికింది!" అని కేకలు. అన్న చెప్పుల కోసం వచ్చి ముందు దగ్గేవాడు, దగ్గుతూనే లోపలికొచ్చేసేవాడు. వదిన చీపురు కోసం వచ్చేది. "ఒక్క నిమిషం, ఒక్క నిమిషం" అనడం ఈవిడకి ఊపిరి పీల్చినంత అలవాటైపోయింది. ఆ నిమిషం ఎవరూ ఇవ్వలేదు.

"గోడలకి చెవులుంటాయంటారు. కర్టెన్‌కి చెవులూ కళ్ళూ చేతులూ కూడా ఉంటాయి. లేనిది గడియ ఒక్కటే" అంది నాతో. దారం సూదిలోకి ఎక్కిస్తూ, ఎక్కక, మళ్ళీ కొస తడిచేసుకుంటూ, "నేను మేడలు అడిగానా? గడియ ఉన్న తలుపొకటి. ఆ గడియ నా వైపుండాలి. అంతే. ఆ మాత్రానికే జుట్టు తెల్లబడింది."

*

పెళ్ళి కుదిరినప్పుడు ఆవిడ అడిగింది అబ్బాయి గురించి కాదు. "ఇంట్లో గదులెన్ని?" అంది. వదిన పడీపడీ నవ్వింది. "పెళ్ళికొడుకు ఎత్తు అడుగుతారే ఎవరైనా! నువ్వేంటి, గుమ్మాల ఎత్తు అడిగేలా ఉన్నావు?"

రెండు గదులన్నారు. అబద్ధమేమీ కాదు. గదులు రెండే. మధ్యలో గుమ్మం ఉంది, దానికి తలుపు లేదు. సామాను సర్దుకుంటూ నీలం కర్టెన్ అడుగున పెట్టుకుంటే, "పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఆ గుడ్డెందుకే?" అని వదిన ఎగతాళి చేసింది. అదే పనికొచ్చింది. మడత కాస్త దించి ఆ గుమ్మానికి వేలాడదీసింది.

భర్త గడియారాల షాపులో గుమస్తా. నెమ్మదస్తుడు. గొంతెత్తడు, చెయ్యెత్తడు, అమ్మ ముందు తల కూడా ఎత్తడు. కర్టెన్‌కి అవతల అత్తగారి మంచం. ఆవిడకి నిద్ర తక్కువ, మాట ఎక్కువ.

"ఏరా, ఫ్యాను అంత జోరుగా పెట్టావేం?"

"తగ్గిస్తానమ్మా."

"ఆ అమ్మాయికి చలేస్తోందేమో కనుక్కో."

"చలేస్తోందా?" అని ఇతను ఈవిడని అడుగుతాడు. తర్వాత అటు తిరిగి, "లేదటమ్మా."

"పక్కనే మొగుడు, మాటలు మాత్రం టపాలో" అని అక్క నవ్వుతుంది చెప్పేటప్పుడు. అప్పుడు నవ్వు రాలేదట.

అప్పటికే ఆవిడ కర్టెన్ల షాపులో కుట్టుపనికి వెళుతోంది. పొద్దున ఇంటిపని, పగలంతా షాపు, సాయంత్రం మళ్ళీ ఇంటిపని. పిల్లలు పుట్టలేదు. అత్తగారు మొదట నిట్టూర్చింది, తర్వాత సణిగింది, ఆ తర్వాత ఇరుగుపొరుగుకి చెప్పుకోవడం మొదలుపెట్టింది. అదంతా భరించింది. భరించలేనిది వేరే ఉంది. వినడానికి చాలా చిన్నది.

ఒకరోజు ఒళ్ళు కాలిపోయే జ్వరం. మధ్యాహ్నమే షాపు నుంచి వచ్చి పడుకుంది. ముఖాన వెలుతురు పడితే కళ్ళు తెరిచింది. అత్తగారు కర్టెన్‌ని ఒక చేత్తో పక్కకి ఎత్తి పట్టుకుని నిలబడింది. ఆవిడ వెనక పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు.

"చూశారుగా? పట్టపగలు. నేను చెబితే నమ్మరు."

వాళ్ళు చూశారు. ఒకావిడ, పాపం, ముఖం తిప్పుకుంది. అత్తగారు గుడ్డ వదిలేసింది. అది కాసేపు ఊగి ఆగింది.

సాయంత్రం భర్త రాగానే, "ఆ గుమ్మానికి తలుపు పెట్టిద్దాం" అంది.

"అమ్మేమనుకుంటుందో."

"నేనేమనుకుంటున్నానో అడగవా?"

అతను నిజంగానే ఆలోచించాడు. ఆలోచించి, "అమ్మనడిగి చెబుతాను" అన్నాడు.

మర్నాడు జ్వరం తగ్గకుండానే స్టూలెక్కి రాడ్డు నుంచి కర్టెన్ లాగి, మడిచి, బట్టలతో పాటు సంచిలో పెట్టుకుని బయల్దేరింది. అత్తగారు వాకిట్లో కూర్చునుంది. సంచిలోంచి కనబడుతున్న నీలం గుడ్డ అంచు చూసి, "ఉతకడానికా?" అంది.

"అవునత్తయ్యా" అంది ఈవిడ. అంతకు మించి చెప్పే ఓపిక లేకపోయింది.

*

మళ్ళీ అన్న వరండా. మంచం ఉన్నచోట సైకిళ్ళు చేరాయి. వాటిని ఓ పక్కకి జరిపి చాప వేసుకుంది. భర్త ఒకసారి వచ్చాడు. అన్నతో కూర్చుని టీ తాగి, "అమ్మ రమ్మంటోంది" అన్నాడు. "నువ్వో?" అని ఈవిడ కర్టెన్ ఇవతల్నించి అడిగింది. అతను గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయాడు. ఆ సంబంధం అక్కడితో సరి. తర్వాత కాగితాల మీద కూడా తెగింది.

వదిన ఏమీ అనలేదు. గిన్నెల చప్పుడు మాత్రం పెరిగింది. "ఆడపడుచంటే అర్ధమొగుడంటారు, మా ఇంట్లో పూర్తి మొగుడే వచ్చి కూర్చున్నాడు" అని గోడతో అనేది. పొమ్మనలేక పొగ పెట్టడం అంటారు గానీ, చివరికి వదిన చేసింది అంతకంటే నాజూకైన పని. ఒకరోజు మిషను తుడిచి, నూనె వేసి, తనే వరండాలోకి లాక్కొచ్చింది.

"ఇది నీకే ఇచ్చేస్తున్నాను. నా కళ్ళు ఆనడం లేదు."

"ఎందుకొదినా, ఇంట్లోనే ఉంటే ఇద్దరం వాడుకుంటాంగా."

"ఇంట్లో దీనికి చోటు లేదమ్మా" అంది వదిన, ఈవిడ కళ్ళలోకి చూడకుండా.

మిషనిచ్చి వెళ్ళగొట్టిందా, వెళ్ళగొడుతూ మనసొప్పక మిషనిచ్చిందా అనేది అక్క ఇప్పటికీ తేల్చుకోలేదు. "తిట్టుకుందామని కూర్చుంటాను. కూర్చునేది ఆవిడ మిషను ముందే. ఎలా తిట్టను?" అంటుంది.

అన్న ఆ మిషనుని ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళ హాస్టల్ గేటు దాకా తెచ్చాడు. చెమట తుడుచుకుంటూ, "ఏదైనా అవసరమైతే..." అన్నాడు. హాస్టల్లో పొడవాటి హాలు, వరసగా మంచాలు. కిటికీలకి హాస్టల్ వాళ్ళ కర్టెన్లే ఉన్నాయి. గడియ బయటి గేటుకి ఉంది, తాళం వార్డెన్ నడుముకి ఉంది. ఒకరి అలారం మోగితే అందరూ లేచేవారు, ఒకరు ఏడిస్తే అందరూ పడుకున్నట్టు నటించేవారు. నీలం కర్టెన్ అక్కడ దుప్పటైంది. అందుకే హాస్టల్ గీత దాని మీద లేదు.

*

కొత్తిల్లు కట్టుకునేవాళ్ళకి చివర్న మిగిలే పనులు రెండు, రంగులు, కర్టెన్లు. పెయింటర్ వెళ్ళాకే కొలతల మనిషి రావాలి. ఒకచోట ఇంటివాళ్ళ తొందర వల్ల ఈవిడ ముందే వెళ్ళింది. కిటికీ పక్కన గోడకి టేపు ఆనించింది. తీసేసరికి టేపు గుర్తు గోడ మీద, గోడ రంగు టేపు మీద.

"అమ్మా తల్లీ! గోడ తడిగా ఉందని కనబడటం లేదా?" అని నిచ్చెన మీంచి కేక.

"రాసి పెట్టొచ్చుగా!"

"ఎక్కడ రాయను, తడి గోడ మీదా?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. అలా మొదలైంది. అతనికి భార్య పోయింది. చిన్న కూతురు. పిల్లని పని దగ్గరికే తెచ్చుకునేవాడు. అది ఖాళీ డబ్బాల మధ్య ఆడుకునేది. "నాకు జడ వేయడం రాదు" అన్నాడొకసారి. "వంట కూడా అంతంతమాత్రం" అన్నాడు ఇంకోసారి. అడుగుతున్నట్టూ ఉండదు, అడగనట్టూ ఉండదు. పెళ్ళి మాట అతనూ ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. "మిషను పెట్టుకోవడానికి చోటుందా?" అని మాత్రం అడిగింది.

"ఇల్లంతా నీదే" అన్నాడు. ఆ మాట అతను అందరితోనూ అనేవాడని తర్వాత తెలిసింది.

ఆ ఇంట్లో రెండు గదులు, మధ్యలో తలుపు కూడా ఉంది. గుమ్మానికి కాదు, గోడకి ఆనించి ఉంది. రంగు వేద్దామని ఎప్పుడో ఊడదీశాడట. "రేపు ఎక్కించేస్తాను" అన్నాడు. ఆ రేపటిలో తలుపు అడ్డంగా పడి రంగు డబ్బాలు పెట్టుకునే బల్లైంది. ఇంకొన్నాళ్ళకి పిల్ల దాని మీదే హోమ్‌వర్క్ చేసుకుంది. ఊళ్ళో తలుపులన్నిటికీ మెరుగులు దిద్దేవాడి ఇంట్లో తలుపు లేదు. నీలం కర్టెన్ ఇంకో మడత దిగి ఆ గుమ్మానికెక్కింది.

"ఆయన చెడ్డవాడు కాదు" అని అక్క ఎప్పుడూ ముందే చెబుతుంది. చాలా మంచివాడు, అందరికీ. తోటి పనివాళ్ళు, వాళ్ళ బావమరుదులు, వాన పడితే దారినపోయేవాళ్ళు, అందరూ అక్కడే. ఆ ఇల్లు బస్టాండు. ఈవిడ ఒళ్ళు విరుచుకుని ఓ క్షణం నడుం వాలుద్దామనుకునేసరికి కర్టెన్ పక్కకి తోసుకుని ఓ తలకాయ, "వదినా, కాస్త టీ!"

పిల్ల మొదట్లో దగ్గరికి వచ్చేది కాదు. కర్టెన్ వెనక నక్కి చూసేది. కింద కాళ్ళు కనబడేవి. "ఇదేంటి, మా కర్టెన్‌కి కాళ్ళొచ్చాయే! ఎక్కడికైనా నడిచిపోతుందేమో, పట్టుకోవాలి" అని ఈవిడంటే లోపల్నించి కిలకిల నవ్వు. రోజూ అదే ఆట. ఆ ఆటలోనే ఒకరోజు "పిన్నీ, నేనే" అంది. అంతకు ముందు ఏమని పిలవాలో దానికెవరూ చెప్పలేదు.

ఆ పిలుపు కోసమే ఉండిపోయింది. పరీక్షలప్పుడు దాని పక్కనే కూర్చుని కాజాలు కుట్టింది. అది మొదటి ఉద్యోగానికి వెళ్ళే రోజు చొక్కా భుజాలు సరిచేసింది. తోటి ఉద్యోగిని చేసుకుంటానంటే తండ్రిని ఒప్పించింది. పెళ్ళై పిల్ల వెళ్ళిన మర్నాడు స్టూలెక్కింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు పెయింటర్.

"కర్టెన్ తీస్తున్నాను."

"ఉతకడానికా?"

లోకంలో ఆడది కర్టెన్ తీసేది ఉతకడానికే అనుకుంటారు కాబోలు అందరూ. "కాదు. వెళ్ళిపోతున్నాను. పిల్ల వెళ్ళిపోయిందిగా."

"నేనేం చేశాను?"

"ఏమీ చేయలేదు. తలుపు కూడా ఎక్కించలేదు."

ఆవిడ వెళ్ళాక తలుపు ఎక్కించాడు. రంగు కూడా వేశాడు. వచ్చి చూడమని కబురు పంపాడు. వెళ్ళి చూసొచ్చింది. "తలుపు బాగుంది. గడియ మాత్రం బయటి వైపు బిగించాడు మహానుభావుడు!" అని చెబుతూ అక్క నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వుకే అయుంటుందని నేను ఊరుకున్నాను.

*

ఒంటరిగా గది వెతుక్కోవడం ఆవిడకి అన్ని ఇళ్ళకంటే ఎక్కువ అలసట. "మీవారేం చేస్తారు?" అని ఒకరు, "చుట్టాలెవరైనా వస్తుంటారా?" అని ఇంకొకరు, అడిగి మెట్ల మీంచే పంపేశారు. మా ఇంటి ఓనరు ముసలాయన మాత్రం, "ఒక్కదానివేనా?" అని అడిగాడు.

"మిషనుంది" అందట.

ఆయనకి ఆ జవాబు నచ్చిందో అర్థం కాలేదో, తాళం ఇచ్చేశాడు. ఒక గది, ఓ మూల వంటగట్టు, చిన్న బాత్రూము. పాత గడియ వదులుగా ఉందని కొత్తది తనే కొనుక్కొచ్చి, తనే స్క్రూలు బిగించుకుంది, లోపలి వైపు. నీలం కర్టెన్‌కి ఈసారి దించే పని పడలేదు. కిటికీ చిన్నది. మడత మళ్ళీ పైకెక్కింది.

కొత్తగా ఎవరో దిగారని నేను వెళ్ళి తలుపు కొట్టాను. లోపల్నించి "ఒక్క నిమిషం" అని వినబడింది. చాలాసేపు నిలబడ్డాను. వెళ్ళిపోదామా అనుకుంటుండగా గడియ తీసింది. పగటి నిద్ర ముఖం, చెదిరిన జుట్టు. తొందరపడిన గుర్తులేమీ లేవు. ఆ నిమిషాన్ని ఆవిడ ఎంత తృప్తిగా వాడుకుందో నాకు కథంతా విన్నాక గానీ తెలియలేదు.

ఆ గది నిలుస్తుందా అన్న అనుమానం వచ్చింది ఆ మధ్య. అదీ శత్రువుల వల్ల కాదు.

పిల్ల కడుపుతో మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చింది. నేనక్కడే ఉన్నాను. "పిన్నీ, ఫ్లాటు తీసుకున్నాం. నువ్వొచ్చేయ్. ఈ గదిలో ఒక్కదానివీ ఏం చేస్తావు? నేను ఆఫీసుకెళ్తే బిడ్డని ఎవరు చూస్తారు? నాకు అమ్మవైనా నువ్వే, పిన్నివైనా నువ్వే కదా."

మిషను ఆగింది. పొమ్మన్న ఇళ్ళ నుంచి వెళ్ళడం అక్కకి బాగా తెలుసు. రమ్మన్న ఇంటికి వెళ్ళకుండా ఉండడం ఎలాగో ఎవరూ నేర్పలేదు.

"వస్తాలే" అంది.

ఇల్లు చూడ్డానికి వెళ్ళింది. హాలు చివర, బాల్కనీ పక్కన, ఈ గోడ నుంచి ఆ గోడకి మెరుస్తున్న కొత్త రాడ్డు. అల్లుడు స్వయంగా బిగించాడు. దానవతల సన్న మంచం, తల దగ్గర చిన్న దీపం. "ఇదే నీ గది పిన్నీ! కర్టెన్ మాత్రం నువ్వే కుట్టుకోవాలి. మేం కొన్నది నీకెలాగూ నచ్చదు" అంది పిల్ల. ఇద్దరి ముఖాలూ వెలిగిపోతున్నాయట.

నీ గది నువ్వే కట్టుకో. ఎక్కడో విన్నమాటే. అక్క "బాగుంది" అంది. టేపు తీసి అలవాటు కొద్దీ అడిగింది. "సొంతిల్లేగా?"

"సొంతిల్లే అత్తయ్యా. ప్రస్తుతానికి తలుపూ కిటికీ మావి, మిగతాదంతా బ్యాంకుది" అన్నాడు అల్లుడు.

రాడ్డు నుంచి నేల దాకా కొలుచుకుని వచ్చింది. ఓనరుకి గది ఖాళీ చేస్తానని చెప్పింది. ఆ రోజుల్లో మిషను ఆగినా మాట లేదు. ఉండబట్టలేక నేనే కదిపాను.

"నీకు వెళ్ళాలనుందా అక్కా?"

"పిల్ల పిలిచిందిగా."

"నేనడిగింది అది కాదు."

"అలిసిపోయానే" అంది. "కాదంటే కారణం చెప్పాలి. అవునంటే ఏమీ చెప్పక్కర్లేదు."

సర్దుడులో భాగంగా కిటికీ కర్టెన్ దించి ఉతికి, ఆరాక బల్ల మీద పరిచి ఉంచింది. పిల్లింటికి తెచ్చిన కొత్త గుడ్డ దాని మీదే పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ చేతిని అనుమానించే పని నాకెప్పుడూ పడలేదు. సొంతిల్లని మడత నాలుగు వేళ్ళే వదిలింది.

సెలవు రోజు కర్టెన్ తగిలించడానికి నేనూ తోడెళ్ళాను. అల్లుడు స్టూలెక్కి రింగులన్నీ రాడ్డుకి ఎక్కించి గుడ్డ వదిలాడు. అది జారి మోకాళ్ళ ఎత్తున ఆగిపోయింది.

కాసేపు అందరం దాన్నే చూశాం. పిల్ల పొట్ట పట్టుకుని అవతలికెళ్ళి నిలబడింది. కింద దాని కాళ్ళు కనబడుతున్నాయి. "పిన్నీ, కర్టెన్‌కి కాళ్ళొచ్చాయే!" అని కిలకిలా నవ్వింది.

అక్క నవ్వలేదు. దగ్గరికెళ్ళి అంచు పట్టుకుని చూసింది. ఆవిడ చేతిలో గుడ్డ కురచ కావడం షాపులో కూడా ఎవరూ ఎరగరు. "కొలత సరిగ్గానే తీసుకున్నాను" అంది, తనలో తనే అనుకుంటున్నట్టు. "పాతదాన్ని అడుగున పెట్టుకుని కోసేశాను. ఇది నా కిటికీ కొలత."

"దానిదేముందత్తయ్యా, కింద మడత విప్పితే సరిపోదూ?"

"ఉన్న మడత నాలుగు వేళ్ళే బాబూ. సొంతిల్లని జానెడు వదల్లేదు."

"పోనీ ఇంకో గుడ్డ తెచ్చుకుందాం పిన్నీ."

తెచ్చుకోవచ్చు. గుడ్డకేం కరువు. అక్క ఆ సన్న మంచం మీద కూర్చుంది. కూర్చుని, పరుపుని చేత్తో ఒకసారి నిమిరింది. "వద్దమ్మా" అంది. "పొద్దున్నే వస్తాను. బిడ్డని చూసుకుంటాను, నీకేం కావాలన్నా చేస్తాను. చీకటి పడేసరికి వెళ్ళిపోతాను. ఉండటానికి మాత్రం రాను."

పిల్ల కర్టెన్ వెనక నుంచి వచ్చింది. నవ్వు పోయింది. "కర్టెన్ కురచైందనా?"

"దానికి గడియ లేదని."

"గడియెందుకు నీకు? ఇక్కడ నిన్నెవరేమంటారు? మేం పరాయివాళ్ళమా?"

"పరాయివాళ్ళయితే ఎప్పుడో చెప్పేసేదాన్ని. ఇంతదాకా తెచ్చుకునేదాన్ని కాదు."

పిల్లకి ఏడుపొచ్చింది, కోపంతో. "నాన్ననీ ఇలాగే వదిలేశావు" అంది.

అక్క మంచం మీంచి లేచింది. రింగులు ఒక్కొక్కటే తీసి, గుడ్డ మడిచి, సంచిలో పెట్టుకుంది. దారిలో సంచి నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు. గదికొచ్చి కొత్త కర్టెన్ కిటికీకి తగిలించింది. సరిపోకేం, సరిగ్గా సరిపోయింది. ఆవిడ దాని వంక చూడను కూడా చూడలేదు. "ఓనరుకి చెప్పాలి, ఖాళీ చేయడం లేదని. కాస్త నువ్వు చెప్పవే, నాకు ఓపిక లేదు" అంది. నేను మెట్లు దిగుతుంటే వెనక గడియ పడింది.

*

మాట ఇచ్చినట్టే మర్నాటి నుంచి వెళ్ళింది. పిల్ల తలుపు తీసేది, మాట్లాడేది కాదు. అక్క పని చేసుకుని వచ్చేది. "మాట్లాడిందా?" అని నేనడిగితే, "తలుపు తీసింది" అనేది. పాత నీలం కర్టెన్ ముక్కలు కోసి అంచులు కుట్టి పట్టుకెళ్ళింది, పుట్టబోయే బిడ్డకి పక్కగుడ్డలకి. అంత మెత్తటి గుడ్డ కొత్తగా ఎక్కడా దొరకదు. పిల్ల వాటిని చూసి గుర్తుపట్టి, అలమరలో లోపలికి పెట్టుకుందట. మాట మాత్రం లేదు.

మగపిల్లాడు పుట్టాడు. పనుల హడావిడిలో ఒకటీ అరా మాటలు మొదలయ్యాయి, పాలు కాగాయా, డాక్టరేమన్నాడు అని.

ఆ తర్వాత, కుట్టుపని పేరుకుపోయి అక్క గదిలోనే ఉండిపోయిన ఒక మధ్యాహ్నం, మెట్ల మీద బిడ్డ ఏడుపు వినబడి తలుపు తీశాను. పిల్ల, చంకలో బిడ్డ, రేగిన జుట్టు, లోతుకుపోయిన కళ్ళు. నన్ను చూసి కూడా చూడనట్టే పైకెళ్ళింది. మాటలన్నీ నాకు కిందికి వినబడుతూనే ఉన్నాయి.

"పిన్నీ, ఇంటినిండా జనం. ఆయన అక్కలు, వాళ్ళ పిల్లలు. అందరూ మంచివాళ్ళే. కళ్ళు మూసుకుంటే చాలు ఎవరో ఒకరొస్తారు. బిడ్డని చూస్తామని ఒకరు, నన్ను చూస్తామని ఒకరు."

"పడుకో" అంది అక్క.

"వీడు ఊరుకోడు."

"ఇటివ్వు."

అక్క బిడ్డతో బయటికి వచ్చినట్టుంది. తలుపు దగ్గరికేసిన చప్పుడు. కాసేపాగి లోపల్నించి సన్నగా, "పిన్నీ... గడియ వేసుకోనా?"

"వేసుకో."

గడియ పడింది.

నేను పైకెళ్ళాను. అక్క పై మెట్టు మీద కూర్చునుంది. ఒళ్ళో నీలం గుడ్డలో బిడ్డ. షాపుకి ఇవ్వాల్సిన పని లోపలే ఉండిపోయింది, చెప్పులు కూడా.

"బయట కూర్చున్నావేంటక్కా?"

"లోపల మనిషి నిద్రపోతోంది."

"ఎంతసేపు కూర్చుంటావు?"

"నన్నడుగుతావేం? గడియ దాని వైపుంది" అంది. తల గోడకి ఆనించి, కళ్ళు మూసుకుని, బిడ్డని నా వైపు జరిపింది. "నువ్వు కాస్త వీణ్ణి పట్టుకో. నేనూ ఓ కునుకు తీస్తాను."